పెరటి పని, మనసుకు కుదురు: ఉద్దానంలో ఉద్యాన చికిత్స

మనసుకు ఊరట, కుదురు కలగడానికి ఒక పద్ధతి ప్రకారం మొక్కలు పెంచడాన్ని ఉద్యాన చికిత్స అంటారు. విత్తనం నాటడం, నీళ్లు పోయడం, కలుపు తీయడం, కాయ కోయడం రైతు ఇంట్లో రోజూ జరిగే పనులే. అవే పనులను ఒక మనిషి ఒంటి పరిస్థితికి, మనసు పరిస్థితికి తగ్గట్టు ఎంచి, ఫలానా మేలు జరగాలన్న ఉద్దేశంతో చేయించినప్పుడు అవి చికిత్సలో భాగమవుతాయి.

ఇందులో మూడు మెట్లున్నాయి. మొదటిది, ఎవరికి వారు తమ మనశ్శాంతి కోసం పెరట్లోనో మేడ మీదో చేసుకునే తోటపని. దీనికి వైద్యుడు అక్కర్లేదు. రెండోది, వృద్ధాశ్రమం, పాఠశాల, డయాలసిస్ కేంద్రం వంటి చోట్ల కొందరు కలిసి ఒకరి పర్యవేక్షణలో చేసే తోటపని. మూడోది అసలైన చికిత్స. శిక్షణ పొందిన నిపుణులు రోగిని పరిశీలించి, లక్ష్యం పెట్టుకుని, ఏ పని ఎంతసేపు చేయించాలో నిర్ణయించి, మార్పును రాసుకుంటూ చేయించేది. ఊళ్లలో ఎక్కువమందికి అందేవి మొదటి రెండు మెట్లే. వాటిని కూడా తెలిసి చేస్తే మేలు ఎక్కువ, ముప్పు తక్కువ.

ఈ ఆలోచన కొత్తది కాదు. అమెరికాలో ఫిలడెల్ఫియా వైద్యుడు బెంజమిన్ రష్ 1812లో మానసిక వ్యాధుల మీద ఒక గ్రంథం ప్రచురించాడు. ఆసుపత్రిలో కట్టెలు కొట్టడం, తోట తవ్వడం వంటి పనులు చేసిన రోగులు తరచుగా కోలుకుంటున్నారనీ, హోదా కారణంగా ఏ పనీ చేయకుండా కూర్చున్నవాళ్లు గదుల్లోనే కృశించిపోతున్నారనీ అందులో రాశాడు. జపాన్‌లో షోమా మొరిటా 20వ శతాబ్దం తొలి దశకాల్లో రూపొందించిన చికిత్సలో రోగి ముందు పూర్తి విశ్రాంతి తీసుకుంటాడు. తర్వాత తేలికపాటి పనులకు, ఆపైన తోటపని వంటి శ్రమకు, చివరికి మామూలు జీవితానికి మళ్లుతాడు. రెండు ప్రపంచ యుద్ధాల్లో గాయపడి వచ్చిన సైనికులకు పాశ్చాత్య దేశాల ఆసుపత్రుల్లో తోటపని చేయించారు. 1973లో అమెరికాలో ఉద్యాన చికిత్సకులకు ఒక సంఘం ఏర్పడింది. 1978లో బ్రిటన్‌లో ఇదే పని కోసం మొదలైన సంస్థ ఇప్పుడు థ్రైవ్ అనే పేరుతో పనిచేస్తోంది. మన దేశంలో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో మానసిక రోగుల పునరావాసానికి నేర్పే పనుల్లో తోటపని కూడా ఉంది.

పరిశోధనలు చెప్పేదేమిటో చూడాలి. రోజర్ ఉల్రిక్ 1984లో సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించాడు. పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో 1972 నుంచి 1981 దాకా పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్నవారి వివరాలను ఆయన పరిశీలించాడు. కిటికీలోంచి చెట్లు కనిపించే గదుల్లో ఉన్న 23 మందిని, ఇటుక గోడ కనిపించే గదుల్లో ఉన్న 23 మందితో పోల్చాడు. చెట్లు కనిపించినవాళ్లు త్వరగా ఇంటికి వెళ్లారు. బలమైన నొప్పి మందులు తక్కువ వాడారు. నెదర్లాండ్స్‌లో జరిగి 2011లో ప్రచురితమైన మరో ప్రయోగంలో 30 మందికి ముందు మానసిక ఒత్తిడి కలిగించే పని ఇచ్చారు. ఆ తర్వాత అరగంట సేపు కొందరు తోటపని చేశారు, కొందరు లోపల కూర్చుని చదువుకున్నారు. ఒత్తిడిని సూచించే కార్టిసోల్ రెండు జట్లలోనూ తగ్గింది. అయితే తోటపని చేసినవారిలో ఎక్కువగా తగ్గింది, వారి మనసు కూడా మళ్లీ తేటపడింది. 2017లో 22 అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష కూడా తోటపని వల్ల దిగులు, ఆందోళన తగ్గుతున్నాయనీ, జీవితం పట్ల తృప్తి పెరుగుతోందనీ తేల్చింది. వీటిలో చాలావరకు కొద్దిమందితో చేసిన చిన్న అధ్యయనాలు. అందుకే ఉద్యాన చికిత్సను మందుకు బదులుగా కాక, మందుకు తోడుగా చూడాలి.

ఈ తోడు అవసరం శ్రీకాకుళం జిల్లా తీరంలో ఎంతైనా ఉంది. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలాల్లోని ఉద్దానం ప్రాంతం తోటలకు పెట్టింది పేరు. పైన కొబ్బరి, దాని చాటున పనస, మామిడి, మునగ, నేల మీద అరటి, కంద, పసుపు. ఇసుక దిబ్బల మీద జీడి, సముద్రపు గాలికి అడ్డంగా సరుగుడు. కవిటి పనసకాయలు ఒడిశా, బెంగాల్ బజార్ల దాకా వెళ్తాయి. పలాస-కాశీబుగ్గలో జీడిపప్పు పరిశ్రమ మీద వేలాది కుటుంబాలు బతుకుతున్నాయి. ఇక్కడి మనిషికి తోట అంటే ఆస్తి, ఆదాయం, నీడ. కాపుకొచ్చిన కొబ్బరి చెట్టును ఇంటి పెద్దకొడుకుతో సమానంగా చూస్తారు.

ఆ తోటలకు, మనుషులకు రెండు పెద్ద దెబ్బలు తగిలాయి. ఒకటి తుపాను. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ పొరుగునే ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని ఊపేసింది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ నేరుగా పలాస సమీపంలోనే తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి తరాల నాటి కొబ్బరి చెట్లు, జీడి చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. పొడవు రకం కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. జీడి అంటుకు మూడేళ్లు కావాలి. ఒక్క రాత్రిలో పోయిన తోట మళ్లీ కళ్ల ముందు నిలబడే లోపు ఏళ్లు గడిచిపోతాయి. ఆ ఎదురుచూపు అప్పు భారంతో పాటు మనసుకూ భారమే.

రెండోది మూత్రపిండాల జబ్బు. ఉద్దానంలో మధుమేహం, రక్తపోటు వంటి తెలిసిన కారణాలేవీ లేనివారికి కూడా కిడ్నీలు క్రమంగా దెబ్బతింటున్నాయి. 1990ల నుంచి వైద్యులు గుర్తిస్తున్న ఈ జబ్బు అసలు కారణం ఇంకా తేలలేదు. తాగే నీరు, ఎండలో శ్రమ, ఒంట్లో నీరు తగ్గడం, వ్యవసాయ రసాయనాలు, వంశపారంపర్యం అన్నిటి మీదా అధ్యయనాలు జరిగాయి. శ్రీలంకలో, మధ్య అమెరికా దేశాల్లో కూడా వ్యవసాయ కూలీలను ఇలాంటి జబ్బే పీడిస్తోంది. 2023 డిసెంబర్ 14న పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి మంచినీరిచ్చే పథకం కూడా అదే రోజు మొదలైంది. ఇవి ఒంటికి అవసరమైన ఏర్పాట్లు. వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్ యంత్రం పక్కన గంటల తరబడి పడుకునే మనిషికి, అతన్ని తీసుకెళ్లి తీసుకొచ్చే భార్యకో తల్లికో మనసు పరంగా ఆసరా కూడా కావాలి. దీర్ఘకాలం డయాలసిస్ మీద ఉండేవారిలో దిగులు జబ్బు ఎక్కువగా కనిపిస్తుందన్నది ప్రపంచమంతటా వైద్యులు చెబుతున్న మాట.

వీటికి వలస తోడైంది. పనుల కోసం యువకులు హైదరాబాద్, చెన్నై, ముంబై వంటి నగరాలకు వెళ్తే పల్లెల్లో పెద్దవాళ్లు ఒంటరిగా మిగులుతున్నారు. జాతీయ మానసిక ఆరోగ్య సర్వేను నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో నిర్వహించింది. దేశంలో వయోజనుల్లో నూటికి పది మందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారనీ, వారిలో అత్యధికులకు చికిత్స అందడం లేదనీ అది తేల్చింది. మానసిక వైద్యుడు దూరంలో ఉన్న ఊళ్లలో, ఇంటి వెనకే ఉన్న పెరడు ఆ లోటును పూర్తిగా తీర్చలేకపోయినా కొంత భారం మోయగలదు.

తోటపని మనసుకు ఎలా పనిచేస్తుందో తెలిస్తే దాన్ని సరిగ్గా వాడుకోవచ్చు. మొదటిది దినచర్య. దిగులు పట్టిన మనిషికి పొద్దున్న లేవడానికి కారణం కనపడదు. మొక్కకు నీళ్లు పోయాలి అన్న చిన్న బాధ్యత ఆ కారణాన్ని ఇస్తుంది. దిగులు జబ్బుకు ఇచ్చే మానసిక చికిత్సల్లో ఒకటి ఇదే సూత్రం మీద నడుస్తుంది. మనసు బాగుపడ్డాక పని చేద్దామని ఆగకుండా, వేళ ప్రకారం చిన్న పని మొదలుపెడితే మనసు నెమ్మదిగా వెంట వస్తుందన్నది ఆ సూత్రం.

రెండోది, చేసిన పనికి కనిపించే ఫలితం. జబ్బు, అప్పు, తుపాను మనిషి చేతిలో లేవు. వేసిన విత్తనం మొలకెత్తడం మాత్రం అతను చేసిన పని వల్లే. తన చేతుల్లో ఇంకా ఏదో ఉందన్న నమ్మకం అక్కడ మళ్లీ మొదలవుతుంది. అందుకే ఈ పనికి మొదట త్వరగా ఫలితమిచ్చే మొక్కలను ఎంచుకోవాలి. మెంతికూర మూడు నాలుగు వారాల్లో చేతికొస్తుంది. తోటకూరకు నెల చాలు. బెండ నెలన్నరలో కాయడం మొదలుపెడుతుంది. ఆనప, బీర పాదులకు రెండు నెలలు. కొబ్బరి, పనస కూడా నాటాలి. కానీ మనసు కుంగి ఉన్నవాడి చేతికి మొదటే ఏడేళ్ల ఎదురుచూపు ఇవ్వకూడదు.

మూడోది ధ్యాస. ఆందోళనలో ఉన్న మనసు జరిగిపోయినదాన్ని తవ్వుతుంది, జరగబోయేదాన్ని ఊహించి భయపడుతుంది. ఆకు వెనక పురుగు వెతకడం, తీగను పందిరి మీదికి మళ్లించడం, గడ్డికీ మొలకకూ తేడా పోల్చడం వంటి పనులు చూపును ఎదురుగా ఉన్నదాని మీద నిలుపుతాయి. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు రేచెల్, స్టీఫెన్ కాప్లాన్ దంపతులు 1989లో రాసిన పుస్తకంలో దీన్ని వివరించారు. బలవంతంగా నిలిపిన ఏకాగ్రత అలసిపోతుంది. ప్రకృతి మాత్రం మనసును మెల్లగా తనవైపు లాక్కుని ఆ అలసట తీరుస్తుంది. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో ఇది కళ్లకు కనిపిస్తుంది. అక్కడికి ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊళ్లోని చెట్ల మీదే గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. ఊరివాళ్లు వాటిని శుభంగా భావించి కాపాడుకుంటున్నారు. ఏ శ్రమా చేయలేని ముసలివాళ్లకు పక్షులను చూస్తూ కూర్చోవడం కూడా ఉద్యాన చికిత్సలో భాగమే.

నాలుగోది ఒళ్లు. వంగడం, లేవడం, నడవడం వల్ల బిగిసిన కండరాలు సడలుతాయి. పొద్దుటి వెలుగు ఒంటి మీద పడితే రాత్రి నిద్రకు వేళ కుదురుతుంది. పలాస జీడిపప్పు బట్టీల్లో రోజంతా ఒకే చోట కూర్చుని పిక్కలు కొట్టే ఆడవాళ్లకు సాయంత్రం అరగంట పెరట్లో తిరగడం వేరే రకం కదలిక. అయితే జీడి పిక్క రసం తగిలి చేతులు పొక్కినప్పుడు మట్టిలో చేయి పెట్టకూడదు. చేతికి తొడుగు వేసుకోవాలి, లేదా ఆ రోజు నీళ్లు పోయడంతో ఆపాలి.

ఐదోది సాంగత్యం. విత్తనాలు, మొక్కలు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు మాటలు కలుస్తాయి. బాధ గురించి నేరుగా మాట్లాడలేని మనిషి కూడా ఆనప పాదుకు పట్టిన చీడ గురించి మాట్లాడతాడు. అక్కడి నుంచి మిగతా మాటలు వస్తాయి. డ్వాక్రా సంఘంలోని మహిళలు వారానికొకసారి ఒకరి పెరట్లో కలిసి పని చేసుకుంటే, ఒంటరిగా ఉన్న ముసలమ్మ పెరడు బాగుపడుతుంది, ఆమెకు నలుగురు తోడవుతారు.

ఇప్పుడు ఏర్పాటు సంగతి. ఉద్దానం తీరంలో నేల ఎక్కువగా ఇసుక. పోసిన నీరు నిలవదు, ఎరువు కిందికి దిగిపోతుంది. ఈ నేలలో మొదలుపెట్టేవారు చిన్న మడితో మొదలుపెట్టాలి. మంచమంత మడి చాలు. జానెడు లోతు తవ్వి చెరువు మట్టి, మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలపాలి. కొబ్బరి డొక్కలను అడుగున పరిస్తే అవి నీటిని పట్టి ఉంచుతాయి. ఎండిన ఆకులు, కొబ్బరి మట్టలు పైన కప్పితే తేమ ఆరదు, కలుపు తగ్గుతుంది. స్నానం చేసిన నీరు అరటి మొదలుకు మళ్లించవచ్చు. సముద్రానికి దగ్గరగా ఉన్న మత్స్యకార పల్లెల్లో ఉప్పుగాలి మొక్కల్ని మాడుస్తుంది. అక్కడ దడి కట్టి, ఇంటి చాటున కుండీల్లో పెంచుకోవడం మేలు.

మోకాళ్ల నొప్పులు, నడుం నొప్పి ఉన్నవారు నేల మీద కూర్చోలేరు. వారికి నడుమెత్తు అరుగు కట్టి దాని మీద మట్టి పోయవచ్చు. పాత ప్లాస్టిక్ డ్రమ్ములు, సిమెంటు తొట్లు కూడా పనికొస్తాయి. బొరిగ, చిన్న పార తేలికగా ఉండాలి. నీళ్లకు పెద్ద బిందె వద్దు, పిల్లలు మోసే చిన్న డబ్బా చాలు. నడిచే దారి చదునుగా ఉండి, జారకూడదు. మతిమరుపు జబ్బు ఉన్న పెద్దవాళ్లకు దారి తిరిగి తిరిగి బయల్దేరిన చోటికే చేరేలా ఉండాలి. మధ్యలో వారికి చిన్ననాటి నుంచి తెలిసిన మొక్కలు ఉండాలి. మల్లె, సంపెంగ, మరువం, దవనం వంటి వాసనలు పాత జ్ఞాపకాలను లేపుతాయి. బంతి, మందారం, చామంతి రంగులు చూపు మందగించినవారికి కూడా తెలుస్తాయి. పిల్లలు, రోగులు తిరిగే తోటలో గన్నేరు, ఉమ్మెత్త వంటి విషపు మొక్కలు ఉండకూడదు.

పనికి వేళ ముఖ్యం. ఉద్దానంలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే ఎండలో చెమటోడ్చి ఒంట్లో నీరు తగ్గడం కిడ్నీలకు మంచిది కాదు. పొద్దున్న ఎండ ముదరక ముందు అరగంట, సాయంత్రం ఎండ వాలాక అరగంట సరిపోతుంది. చెట్ల నీడలోనే మడి ఉంటే ఇంకా మంచిది. జబ్బు లేనివారు పనికి ముందు, తర్వాత మంచినీళ్లు తాగాలి. ఒళ్లు తూలినా, తలనొప్పి వచ్చినా, వికారం పుట్టినా పని ఆపి నీడకు రావాలి.

రసాయన పురుగుమందులకు ఈ తోటలో చోటు లేదు. అవి కిడ్నీ జబ్బుకు అనుమానిస్తున్న కారణాల్లో ఒకటి. దానికి మించిన కారణం కూడా ఉంది. మనసు విరిగిన మనిషి ఉన్న ఇంట్లో పురుగుమందు డబ్బా అందుబాటులో లేకపోవడమే ఒక ప్రాణరక్షణ. పొలానికి తప్పనిసరైతే ఇంటికి దూరంగా, తాళం వేసిన చోట ఉంచాలి. పెరటికి వేప కషాయం, జీవామృతం చాలు. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం ద్వారా ఇవి చాలా గ్రామాల మహిళా సంఘాలకు తెలుసు. సాగులో సందేహాలుంటే ఆమదాలవలసలోని కృషి విజ్ఞాన కేంద్రాన్ని అడగవచ్చు.

కిడ్నీ రోగులు తోటపని చేసేటప్పుడు ప్రత్యేకమైన జాగ్రత్తలు పాటించాలి. ముందుగా వైద్యుడి అనుమతి తీసుకోవాలి. డయాలసిస్ జరిగిన రోజు నీరసంగా ఉంటుంది కాబట్టి పని మధ్య రోజుల్లో పెట్టుకోవాలి. డయాలసిస్ కోసం ఫిస్టులా పెట్టిన చేత్తో బరువులు ఎత్తకూడదు, ఆ చేతికి ముళ్లు, కత్తి తగలకుండా చూసుకోవాలి. మెడ దగ్గర గొట్టం అమర్చినవారు దుమ్ము లేచే పనులకు దూరంగా ఉండాలి. కిడ్నీ మార్పిడి జరిగి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారు పెంటకుప్ప తిరగేయడం, ఎరువు కలపడం చేయకూడదు. వారికి పూలు కోయడం, దండ కట్టడం, విత్తనాలు ఏరడం వంటి శుభ్రమైన పనులున్నాయి. తీర ప్రాంతపు తడి నేలలో కొన్ని ప్రమాదకరమైన సూక్ష్మజీవులు ఉంటాయి. అవి మధుమేహం, కిడ్నీ జబ్బు ఉన్నవారికి త్వరగా సోకుతాయి. వాళ్లు వానాకాలంలో ఉత్త కాళ్లతో, గాయాలున్న చేతులతో బురదలో దిగకూడదు. బూట్లు, చేతి తొడుగులు తప్పనిసరి. ధనుర్వాతం టీకా సకాలంలో వేయించుకోవాలి.

తిండి విషయం మరీ సున్నితం. పెరట్లో పండినదంతా కిడ్నీ రోగి తినకూడదు. కొబ్బరినీళ్లు, అరటిపండు, పనస, మునగాకు, చాలా ఆకుకూరల్లో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు పనిచేయనప్పుడు అది రక్తంలో పేరుకుని గుండెకు ప్రమాదం తెస్తుంది. ఆనప, బీర, పొట్ల వంటివి కొంత నయం. వాటిని కూడా ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి వండుకోవాలి. ఎంత తినాలో, ఎన్ని నీళ్లు తాగాలో ఆసుపత్రిలో ఆహార నిపుణులు చెప్పినట్టే నడుచుకోవాలి. తాను పండించింది తాను తినలేకపోవడం కూడా ఒక బాధే. అందుకని కిడ్నీ రోగికి పూల మడి మంచి మార్గం. బంతి, చామంతి, మల్లె పెంచితే తిండితో గొడవ లేదు. ఇంట్లో పూజకు, గుడికి, కొద్దిగా అమ్మకానికి పనికొస్తాయి. ఇంటికి తాను భారమయ్యానని అనుకునే మనిషి మళ్లీ ఏదో ఇచ్చేవాడవుతాడు.

తుపాను ప్రాంతంలో తోటపనికి ఒక కాలక్రమం కూడా కావాలి. తొలకరిలో విత్తనం వేస్తే వానలకు పాదులు అల్లుకుంటాయి. శీతాకాలం ఆకుకూరలకు, పూలకు అనువైన కాలం. వేసవిలో మొక్కలు తగ్గించి నేలకు ఎరువు పెట్టాలి. అక్టోబర్ ఉద్దానానికి భయం పుట్టించే నెల. ఫైలిన్, హుద్‌హుద్, తిత్లీ మూడూ అక్టోబర్ రెండో వారంలోనే వచ్చాయి. ఆ రోజులు దగ్గరపడితే గాలి హోరుకే గుండె దడదడలాడేవాళ్లు, నిద్ర పట్టనివాళ్లు ఉంటారు. విపత్తు తర్వాత మనసులో మిగిలే ఇలాంటి భయం జబ్బు కావచ్చు, దానికి చికిత్స ఉంది. ఆ భయాన్ని పనిలోకి మళ్లించడానికి సెప్టెంబర్ నెలలో తోటలో సన్నాహాలు చేయాలి. ఇంటి మీదికి వంగిన కొమ్మలు నరకాలి. పందిళ్లు గట్టిగా కట్టాలి, లేదా విప్పేయాలి. అన్ని రకాల విత్తనాలు కొన్ని ఎండబెట్టి, బూడిద కలిపి, గాలి చొరని డబ్బాలో దాచాలి. కుండీలను గోడవారకు చేర్చాలి. తుపాను ఆపలేనిదే, కానీ అది వెళ్లాక మర్నాడు మళ్లీ వేయడానికి విత్తనం చేతిలో ఉందన్న ధైర్యం చిన్నది కాదు.

ఒక్కొక్కరికీ ఒక్కో తీరు. మత్తు అలవాటు మానుతున్నవారికి సాయంత్రం వేళ చేతికి పని ఉండాలి, ఎందుకంటే తాగుడు గుర్తొచ్చే వేళ అదే. స్కిజోఫ్రీనియా వంటి జబ్బుతో మందులు వాడుతున్నవారికి ఒకే రకం పని, ఒకే చోట, ఒకే వేళకు ఇవ్వాలి. వారి చేతికి పదునైన పనిముట్లు ఇచ్చే ముందు వైద్యుడిని అడగాలి. కొన్ని మానసిక వ్యాధుల మందుల వల్ల ఎండకు చర్మం త్వరగా కమిలిపోతుంది, ఒంటి వేడి అదుపు తప్పుతుంది. ఇది కూడా నీడలో పని చేయడానికి కారణం. పిల్లలకు తొందరగా మొలిచే బొబ్బర్లు, మెంతులు ఇచ్చి, ఎవరి మొక్కకు వారి పేరు పెట్టించాలి. రోగిని చూసుకునే ఇంటివాళ్లకు తోటపని రోగితో కలిసి కాక విడిగా ఉండాలి. ఆ అరగంట వారి సొంతం.

పని తప్పిన రోజు నింద ఉండకూడదు. నీళ్లు అందక మొక్క ఎండిపోతే దాన్ని రోగి మీద పెట్టకూడదు. ఇంకో విత్తనం ఇవ్వాలి. పోటీలు, బహుమతులు కొందరికి హుషారిస్తాయి, దిగులులో ఉన్నవారిని మరింత కుంగదీస్తాయి. రోజూ రెండు మాటలు రాసుకోవడం మంచి అలవాటు. ఇవాళ ఏం చేశారు, పని ముందు మనసు ఎలా ఉంది, తర్వాత ఎలా ఉంది. కొన్ని వారాలు రాశాక ఏ పని నయం చేస్తోందో తెలుస్తుంది. ఆ పుస్తకం వైద్యుడికి చూపిస్తే చికిత్సకూ సాయపడుతుంది.

తోటపనికి అందని స్థితి కూడా ఉంటుంది. రెండు వారాలకు మించి దిగులు వదలకపోయినా, నిద్ర, ఆకలి చెడిపోయినా, ఇష్టమైన పనుల మీద కూడా మనసు పోకపోయినా, లేనివి వినిపించినా, బతకాలని లేదన్న మాట నోట వచ్చినా వెంటనే వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. 2022 అక్టోబర్ 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం నాడు, కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ అనే సేవను ప్రారంభించింది. 14416 నంబరుకు ఫోన్ చేస్తే పగలూ రాత్రీ ఉచితంగా సలహా దొరుకుతుంది, తెలుగులో కూడా మాట్లాడవచ్చు. మానసిక ఆరోగ్య సేవ పొందడం ప్రతి మనిషి హక్కని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. మందులు వాడుతున్నవారు తోటపని వల్ల బాగుందని వాటిని సొంతంగా ఆపకూడదు.

ఉద్దానంలో ఉద్యాన చికిత్సకు పెద్ద ఖర్చు అక్కర్లేదు. నేల, విత్తనం, ఎరువు, తెలిసిన చేతులు అన్నీ ఇక్కడే ఉన్నాయి. డయాలసిస్ కేంద్రాల కిటికీల ఎదుట నాలుగు చెట్లు, వేచి ఉండే బంధువులకు నీడలో ఒక పూల మడి, ప్రతి బడిలో పిల్లల చేతి తోట, ఊరికొక విత్తన డబ్బా పెట్టడం పంచాయతీలకు, ఆసుపత్రులకు, మహిళా సంఘాలకు చేతనైన పనే. ఇంట్లో ఎవరైనా నెలల తరబడి మౌనంగా, దిగులుగా ఉంటే వారిని వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. వచ్చాక పెరట్లో మంచమంత మడి వారి పేరున కేటాయించి, గుప్పెడు మెంతులు చేతిలో పెట్టి, మొదటి రోజు పక్కనే కూర్చుని కలిసి చల్లండి.